షెడ్డులో రోజు మారే వేళ

అక్క పోయాక ఆఫీసుకు వచ్చిన మొదటి మెయిల్ మాకు సర్వర్ అద్దెకిచ్చే హోస్టింగ్ కంపెనీది. మా అప్లికేషన్ నడుస్తున్న పాత వెర్షన్‌ను ఇక ఉంచబోమని, వేసవిలోపు కొత్తదానికి మారకపోతే సైటు ఆగిపోతుందని అందులో ఉంది. అక్క పేరు పెట్టి రాశారు. ఆమె లేదని జవాబు రాయాలా అని కొంతసేపు ఆలోచించాను. రాయలేదు. ఏమేం మారాలో చెప్పే పత్రాలు దించుకుని చదవడం మొదలుపెట్టాను.

మా ఆఫీసు పటమటలో, ఒక మందుల షాపు మీద ఉన్న ఒకే ఒక్క గది. పనిచేసింది అక్కా నేనూ, ఇద్దరమే. కొల్లేటి చుట్టుపక్కల చెరువుల్లో పట్టిన చేప ప్యాకింగ్ షెడ్లకు వస్తుంది. అక్కడ తూచి, ట్రేలలో సర్ది, ఐసు వేసి, లారీల్లో కలకత్తా పంపిస్తారు. ఏ రైతు చెరువులో ఏ రోజు పట్టుబడి, ఆ లోడుకు ఎంత ఐసు కావాలి, ఏ లారీలో వెళ్ళాలి అనేవి షెడ్డు గుమాస్తా మా అప్లికేషన్‌లో ఎక్కిస్తాడు. ఐసు ఫ్యాక్టరీకీ లారీలవాళ్ళకూ జాబితాలు అందులోంచే వెళ్తాయి. అక్క దీన్ని ఒంటిచేత్తో రాసింది. తెర మీద కనిపించే బొత్తాలు, అక్షరాలు, రంగులు నావి. బొత్తాం నొక్కాక లోపల జరిగేదంతా ఆమెది.

ఆ లోపలి భాగాన్ని ఎవరూ మొదటి అక్షరం నుంచీ సొంతంగా రాయరు. అందరికీ అవసరమయ్యే పనులు ముందే రాసిపెట్టిన ఫ్రేమ్‌వర్క్ ఒకటి తీసుకుని, దాని పద్ధతి ప్రకారం మన పని రాసుకుంటాం. అక్క ఎంచుకున్న ఫ్రేమ్‌వర్క్‌ను తయారుచేసినవాళ్ళే వదిలేసి చాలా కాలమైంది. కొత్తదానికి మారడమంటే ఇల్లు మారడం లాంటిదని చెబుతుంటారు. వినడానికి బాగానే ఉంటుంది కానీ నిజం కాదు. ఇల్లు మారేటప్పుడు సామాను పాతదే ఉంటుంది. ఇక్కడ ప్రతి వస్తువునూ మళ్ళీ చేయాలి. వాడేవాళ్ళకు మాత్రం తేడా తెలియకూడదు.

బావగారు అక్క లాప్‌టాప్ తెచ్చి నా బల్ల మీద పెట్టారు.

"మూసేసినా ఎవరూ ఏమీ అనుకోరమ్మా. నీకు ఇంకో ఉద్యోగం దొరక్కపోదు," అన్నారు.

"మూయను బావగారూ."

అంత త్వరగా అంటానని నేనూ అనుకోలేదు. ఆయన తలూపి, ఛార్జర్ కోసం జేబులు వెతుక్కుని, కారులో ఉందని కిందికి వెళ్ళారు.

పలకరించడానికి వచ్చినవాళ్ళు అక్కను వెలుగన్నారు, దీపమన్నారు. నాకు తెలిసిన మనిషి మధ్యాహ్నం అన్నం తిన్నాక కుర్చీలోనే నిద్రపోయేది. ఫోన్ మోగితే కళ్ళు తెరవకుండానే "చెప్పండి" అనేది. జ్వరమని ఆసుపత్రికి వెళ్ళి తిరిగి రాలేదు. ఆ విషయంలో నేను చేయగలిగింది ఏమీ లేకపోయింది. ఈ పని ఆగిపోకుండా మాత్రం చూడగలననిపించింది. ఒప్పించాల్సింది షెడ్డువాళ్ళను.

షెడ్ల సంఘానికి ప్రెసిడెంటు ఒక పెద్దావిడ. వాళ్ళది తరాలుగా చేపల వ్యాపారం చేసే కుటుంబం. గుడివాడ మీదుగా బస్సులో వెళ్ళి ఆవిడను కలిశాను. అక్క ఎన్నోసార్లు వెళ్ళిన దారే. నేను మాత్రం అన్నేళ్ళలో అటు వెళ్ళింది చాలా తక్కువ. ఆఫీసులో ఒకరుండాలి కాబట్టి నేనుండేదాన్ని. షెడ్డులో నేలంతా తడి. మూలన ఆవిడ బల్ల, దాని మీద రెండు ఫోన్లు, పక్కనే కంప్యూటర్ ముందు గుమాస్తా. ఆయన మొదటి నుంచీ అక్కడే ఉన్న నడివయసు మనిషి.

సంగతంతా చెప్పాను. ఆవిడ చివరిదాకా విన్నారు.

"పెద్దమ్మాయి ఉండగా ఎప్పుడన్నా మార్చామా? నడిచేదాన్ని కదపడం దేనికి?"

"కదపకపోతే వేసవికి ఆగిపోతుందండీ."

"మొన్నొకాయన వచ్చాడు. వాళ్ళ కంపెనీది ఫోన్లోనే ఉండిద్దంట. సినిమా టిక్కెట్టు తీసుకున్నట్టు లారీ తీసుకోవచ్చంట. టీ ఇస్తే తాగలా. మా నీళ్ళ వాసన పడలేదు కామోసు."

గుమాస్తా నవ్వాడు. ఆవిడ నవ్వలేదు.

"నువ్వు పెద్దమ్మాయివి కాదు గదమ్మా. తెర మీద రంగులేసే చిన్నమ్మాయివి."

"అవునండీ."

"కోపం రాలా?"

"నిజమే కదండీ."

ఆవిడ నన్ను కాస్త పరీక్షగా చూశారు. "సరే విను. ఐసు ఒక్క పూట తప్పిందనుకో, చేప నీకోసం ఆగదు, కుళ్ళిపోద్ది. అందుకని పాతదీ నీదీ పక్కపక్కన పెట్టి నడుపు. పాతదాంట్లో ఏది వస్తే నీదాంట్లో అదే రావాలి. వస్తే నీదే ఉంచుకుంటాం. రాలేదా, ఆ టీ తాగని ఆయన్ని పిలుస్తా. ఆయన ముక్కు సంగతి ఆయనే చూసుకుంటాడు."

అది న్యాయంగానే అనిపించింది. టీ తాగి బస్సెక్కాను.

ఆ తర్వాత కొన్ని వారాలు అక్క రాసిన కోడు చదివాను. ఉదయం ఆఫీసు తెరిచి, గది ఊడ్చి, లాప్‌టాప్ ముందు కూర్చునేదాన్ని. చదువుతుంటే ఆమె గొంతు వినిపించిందని రాస్తే అబద్ధమవుతుంది. వినిపించలేదు. ఎక్కువసార్లు కోపమే వచ్చింది. ఒకచోట చెరువు అని తెలుగు మాటే ఇంగ్లీషు అక్షరాల్లో రాసింది, ఇంకోచోట అదే దానికి ఇంగ్లీషు మాట వాడింది. ఐసు లెక్క ఒక్కచోట రాసి అన్నిచోట్లా వాడుకోవాల్సింది, అవసరమైన ప్రతిచోటా మళ్ళీ మళ్ళీ అతికించింది. ఒక ఫైలు పైన "ముట్టుకోవద్దు" అని ఉంది. ఎందుకో లేదు. నా బొత్తాల మధ్య ఖాళీ సమంగా లేదని నన్ను సతాయించిన మనిషి ఈ లోపలి భాగాన్ని ఇలా ఉంచింది. బతికుంటే ఆ వారమంతా మేం పోట్లాడుకునేవాళ్ళం. పోట్లాడటానికి ఎదురుగా మనిషి లేకపోవడం, మిగతా అన్నిటికంటే, అప్పుడు బాగా తెలిసింది.

ఒక నిర్ణయం తీసుకున్నాను. ఆమె రాసినట్టు రాయను. ఆమె కోడు చేసే పని మాత్రం ఒక్కటి కూడా వదలను. ఒక్కో ఫైలు చదవడం, అది ఏం చేస్తుందో మామూలు తెలుగులో ఒక వాక్యం రాసుకోవడం, ఆ వాక్యాన్ని కొత్త ఫ్రేమ్‌వర్క్‌లో చేయడం, సరిచూసే చిన్న పరీక్ష రాయడం. వాక్యం రాయలేకపోతే నాకు అర్థం కాలేదన్నమాట, ముందుకు వెళ్ళకూడదు. ఈ నియమం నన్ను నిలబెట్టింది. కొన్ని రోజులు ఒక్క వాక్యం కూడా వచ్చేది కాదు. అయినా సాయంత్రం దాకా కూర్చునేదాన్ని.

ఆ ఫైళ్ళలో ఒకదాంట్లో, బుకింగ్ ఏ రోజుదో తేల్చేచోట, అప్పటి సమయానికి కొన్ని గంటలు కలిపే లైను ఒకటి ఉంది. మొదట్లో మా సర్వర్ అమెరికాలో ఉండేది. అక్కడి సమయానికీ మన సమయానికీ ఉన్న తేడాకు ఆ గంటలు దగ్గరగా ఉన్నాయి, సరిగ్గా అంతే కాదు. అక్క ఉజ్జాయింపుగా వేసి, సర్వర్ ఇక్కడికి మారాక తీయడం మర్చిపోయిందనుకున్నాను. ఆమె అలాంటివి మర్చిపోతుందని అప్పటికి నాకు బాగా నమ్మకం కుదిరింది. కొత్త ఫ్రేమ్‌వర్క్ భారత సమయాన్ని తనే చూసుకుంటుంది. "పాత సర్వర్ తేడా, అవసరం లేదు" అని వాక్యం రాసి, ఆ లైను వదిలేశాను.

పరీక్షలన్నీ నెగ్గాయి. కొత్తదాన్ని షెడ్డులో పాతదాని పక్కన పెట్టాం. గుమాస్తా ప్రతి బుకింగూ రెండింటిలోనూ ఎక్కించాలి. ఉదయం అంతా సరిపోయింది. నేను ఆఫీసులో కూర్చుని రెండు జాబితాలూ పోల్చి చూస్తూ ఉన్నాను. ఒక్క అక్షరం తేడా లేదు. సాయంత్రం ఇంటికి బయలుదేరబోతుంటే ప్రెసిడెంటు గారి నుంచి ఫోన్.

"చిన్నమ్మాయీ, రేపు ఐసు వద్దంటున్నావా?"

"ఏమైందండీ?"

"పాతదాంట్లో ఐసు ఫ్యాక్టరీకి పోయే జాబితా నిండుగా ఉంది. నీదాంట్లో ఏమీ లేదు. ఇందాకటి నుంచి మావాడు ఎక్కించిన చెరువులన్నీ వెళ్ళిపోయిన లారీలో చూపిస్తోంది. ఆ లారీ ఇప్పుడు ఏలూరు దాటి ఉండిద్ది. నువ్వెళ్ళి ఆపి ఎక్కిస్తావా?"

బ్యాగు దించి లాప్‌టాప్ మళ్ళీ తెరిచాను.

"పాతది ఉంది గాబట్టి సరిపోయింది. ఇంకొక్కసారి చూస్తా. అదే ఆఖరు."

మర్నాడు కోడంతా మళ్ళీ చూశాను. తప్పు కనిపించలేదు. గుమాస్తా "ఇవాళ్టి లోడు" అనే బొత్తాం నొక్కాడు, నా కోడు ఆ తేదీనే తీసుకుంది. పాత డేటాలో సాయంత్రం ఎక్కించినవన్నీ మర్నాటి లోడులోకి వెళ్ళి ఉండటం చూశాను. అప్పట్లో "రేపటి లోడు" నొక్కి ఉంటారు, కొత్తదాంట్లో పొరపాటున "ఇవాళ" నొక్కి ఉంటాడు అనుకున్నాను. ఆ మాట ప్రెసిడెంటు గారితో ఫోన్లో అనడం మంచిది కాదనిపించి, లాప్‌టాప్ తీసుకుని మళ్ళీ బస్సెక్కాను.

ఆవిడ ఐసు ఫ్యాక్టరీవాళ్ళతో ఫోన్లో ఉన్నారు. గుమాస్తా పక్కన ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చున్నాను. తప్పు లేని పాత లోడు ఒకటి చూపిస్తే, దాన్ని కొత్తదాంట్లో మొదటి నుంచి ఆడించి చూస్తానన్నాను.

"అయితే మీ అక్కగారు పోయిన రోజుది చూడండి," అన్నాడాయన. "ఆ శుక్రవారం లోడు. అందాక ఏ తప్పొచ్చినా ఆవిడకి ఫోన్ కొట్టేవాణ్ణి. ఇంక ఎవరికి కొట్టాలో తెలీదు గదండీ. ఒకటికి నాలుగుసార్లు చూసుకుని ఎక్కించా. దాంట్లో తప్పుండదు."

"గురువారమండీ. గురువారం సాయంత్రం పోయింది."

"శుక్రవారమండీ."

"నేను పక్కనే ఉన్నానండీ."

ఆయన ఇబ్బందిగా ప్రెసిడెంటు గారి వైపు చూశాడు. ఆవిడ ఫోన్ దించి, "శుక్రవారమేనమ్మా. రేటు ఫోను అయ్యాకగా కబురొచ్చింది," అన్నారు.

"రేటు ఫోనుకూ దీనికీ ఏమిటండీ?"

ఇద్దరూ నన్ను చూసిన చూపులో వెటకారం లేదు. అన్నం ఎలా తింటారని అడిగితే చూసినట్టు చూశారు.

"కలకత్తాలో కొనేవాళ్ళు మధ్యాహ్నం చేప రేటు చెబుతారా," అన్నారావిడ, "దాంతో ఆ రోజుది అయిపోయినట్టే. లారీ ఎటూ పోయింది. ఆ రేటు చూసుకుని రైతులు ఫోన్లు చేస్తారు, పట్టమనో, ఆగమనో. అక్కడ్నించి అంతా రేపటి లోడు. మాకు అప్పుడే రేపు వచ్చేసినట్టు. ఇంక ఇవాళ అంటే అదే."

"మరి ఇంటికెళ్ళాక?"

"ఇంటికెళ్ళాక మా ఆయనకి గురువారమే. రెండు రోజులుంటాయి మాకు. ఒకటి ఇంటిది, ఒకటి షెడ్డుది."

"మీ అక్కగారికి ఇదంతా తెలుసండీ," అన్నాడు గుమాస్తా. "మొదట్లో ఇదే కుర్చీలో కూర్చుని నా మీద అరిచింది, సాయంత్రంపూట ఇవాళ ఎందుకు నొక్కుతున్నారని. వారం రోజులు అరిచింది. మాకు అలవాటు పోలా. చివరికి, పోండి, మిమ్మల్ని మార్చడం కంటే మెషీన్ని మార్చడం తేలిక అని లోపల ఏదో చేసింది. అప్పట్నించి గొడవ లేదు."

ఆమె కలిపిన గంటలు అవి. మధ్యాహ్నం దాటగానే తేదీ ముందుకు జరిగేలా. సర్వర్‌తో దానికి సంబంధమే లేదు. ఇన్నేళ్ళు ఎదురెదురుగా కూర్చున్నాం, ఈ మాట ఆమె నాతో ఎప్పుడూ అనలేదు. నేను అడగలేదు. బొత్తాం మీద "ఇవాళ్టి లోడు" అని రాసింది నేనే. అది ఏ ఇవాళో నాకు తెలియదు.

లైను మళ్ళీ పెట్టేస్తే అయిపోయేది. లాప్‌టాప్ తెరిచాను కూడా. కానీ నా నియమం ప్రకారం ముందు వాక్యం రాయాలి. "రేటు చెప్పాక షెడ్డులో రోజు మారుతుంది" అని రాశాను. రాసి చూసుకుంటే అక్క లైను ఆ పని చేయడం లేదు. అది గడియారాన్ని చూస్తోంది. రేటు ఫోను గడియారం చూసి వస్తుందా?

"రేటు రోజూ ఒకే టైముకి వస్తుందాండీ?"

"ఎక్కడండీ. ఒక్కోసారి అన్నం తినకముందే వచ్చుద్ది, ఒక్కోసారి దీపాలు పెట్టే వేళకి. మరీ ముందొస్తే ఇక్కడ తలకాయనొప్పి. మధ్యలో ఎక్కించినవి పోయిన లారీలో పడతాయి, నేనే చేత్తో సరిచేసుకుంటా."

"అక్కతో చెప్పలేదా?"

"దానికేముందిలెండి, అలవాటైపోయింది."

రేటు వచ్చేదాకా అక్కడే కూర్చున్నాను. ప్రెసిడెంటు గారి ఫోను మోగింది. ఆవిడ రేటు గట్టిగా పైకి చెప్పారు. షెడ్డులో అక్కడక్కడా నిలబడ్డవాళ్ళు ఫోన్లు తీశారు. గుమాస్తా టీ గ్లాసు పక్కన పెట్టి, కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. రోజు మారడమంటే అంతే. కళ్ళతో చూశాక ఇక సందేహం లేదు.

కోడు అక్కడే రాశాను. గంటలు కలపడం లేదు. తెర మీద కొత్తగా ఒక బొత్తాం: "రేటు వచ్చింది". గుమాస్తా అది నొక్కితే షెడ్డు రోజు మారుతుంది. అప్పటిదాకా మారదు. మా సర్వర్ ఏ దేశంలో ఉన్నా, గడియారం ఏం చూపించినా దానికి పట్టింపు లేదు.

ప్రెసిడెంటు గారు వచ్చి నా వెనక నిలబడి చూశారు.

"పెద్దమ్మాయి ఇట్టా పెట్టలేదే."

"పెట్టలేదండీ. నేను పెడుతున్నాను."

"తప్పితే?"

"తప్పితే ఆయన్ని పిలవండి."

ఆవిడ గుమాస్తా వైపు తిరిగి, "ఆ బొత్తాం కాస్త పెద్దది పెట్టించుకో. నీ కళ్ళకి ఆనదు," అన్నారు. పెద్దది చేసి ఇచ్చాను.

రెండోసారి పక్కపక్కన నడిపినప్పుడు పాతదానికీ కొత్తదానికీ ఒక్కచోటే తేడా వచ్చింది. ఆ రోజు రేటు బాగా ముందే వచ్చింది. పాతది కొన్ని చెరువులను తప్పు లోడులో వేసింది. కొత్తది వేయలేదు. ప్రెసిడెంటు గారు రెండు జాబితాలూ ఎదురుగా పెట్టుకుని, వేలితో ఒక్కో వరుసా చూసుకుంటూ వెళ్ళి, ఇక పాతది తీసేయమన్నారు. ఆ మాట చెప్పడానికి ఫోన్ చేసినప్పుడు ఆవిడ గొంతులో సంతోషం ఏమీ లేదు. నాకూ అంతగా లేదు. అక్క తప్పును నేను పట్టుకున్నానన్న తృప్తి కలిగిందా అంటే, కొద్దిగా కలిగింది. వెంటనే చెప్పుకోవడానికి ఎదురుగా ఆమె ఉంటే బాగుండేది.

లారీలు వెళ్ళిపోయి, రేటు ఇంకా రాని కొద్దిసేపు ఉంటుంది. రోజంతటిలో ఎవరూ ఏమీ ఎక్కించని సమయం అదొక్కటే. అది ఉందని షెడ్డులో కూర్చున్నాకే తెలిసింది. ఆ సమయంలో పాతదాన్ని ఆపి, చివరి డేటాను కొత్తదానికి మార్చి, సైటు చిరునామా కొత్త సర్వర్‌కు తిప్పాను. తర్వాత హోస్టింగ్ కంపెనీ పేజీలో పాత సర్వర్‌ను తొలగించాను. నిజంగా తొలగించమంటారా అని అడిగింది. అవునన్నాను. వాళ్ళు పెట్టిన గడువు ఇంకా ఉంది. వెనక్కి వెళ్ళే దారి ఉంచుకుంటే ప్రతి చిన్న ఇబ్బందికీ అటే చూస్తానని తెలుసు. అక్క కోడు కాపీ ఒకటి దాచాను. ఆ తర్వాత తెరవలేదు.

అక్క నంబరుకు వచ్చే ఫోన్లు నా నంబరుకు మళ్ళించుకున్నాను. కొద్ది రోజులకు ఒక సాయంత్రం ప్రెసిడెంటు గారు చేశారు. వెనక నుంచి అరుపులు వినిపిస్తున్నాయి.

"చిన్నమ్మాయీ, రైతులంతా ఫోన్ల మీద ఫోన్లు చేస్తున్నారు. మేమింకా నిన్నట్లోనే ఉన్నామంట. ఐసు జాబితా కదలడం లేదు."

"రేటు వచ్చిందాండీ?"

"ఎప్పుడో వచ్చింది."

"బొత్తాం నొక్కారా?"

ఫోను పక్కకు తిప్పి ఆవిడ అడగడం వినిపించింది. గుమాస్తా ఏదో అన్నాడు.

"నొక్కలేదంట. వాళ్ళ బావమరిది వస్తే కబుర్లలో పడ్డాడంట. దేవుడిచ్చిన తేదీ దానంతటదే మారిద్ది, నువ్విచ్చింది మా వాడు నొక్కితేగానీ మారదు. ఇదేం మెషీనమ్మా?"

"ఇప్పుడు నొక్కమనండి. నేను లైన్లో ఉంటాను."

ఆవిడ అతన్ని నాలుగు తిట్టారు. కుర్చీ జరిగిన చప్పుడు అయింది.

"నొక్కాడు."

"ఏ వారం చూపిస్తోందండీ?"

"శనివారం."

"ఐసు జాబితా?"

ఆవిడ చూసేదాకా ఆగాను. గుమాస్తా ఎక్కిస్తుంటే నా తెర మీద ఒక్కో చెరువూ కొత్త లోడులోకి వచ్చి చేరుతోంది.

"వచ్చింది," అన్నారావిడ. "ఇట్టా మర్చిపోయినప్పుడు అదే మాకు గుర్తు చేసేటట్టు ఏదన్నా పెట్టగలవా?"

"పెడతానండీ. రేపటికి ఇస్తాను."

"ఏ రేపు?" అన్నారు.

"షెడ్డుదేనండీ," అని, లాప్‌టాప్ దగ్గరికి లాక్కున్నాను.